చివరి శ్వాస ఎవరూ తీసుకోరమ్మా

అమ్మాయీ,

నీ కథ మొన్న రాత్రే చదివేశాను. వెంటనే రాస్తే తిట్లే వస్తాయని రెండ్రోజులు ఆగాను, ఆగినా అవే వస్తున్నాయి కాబట్టి రాసేస్తున్నా. ఆఖరి పేజీలో "అమ్మమ్మ తన చివరి శ్వాసను తీసుకుంది" అన్నావు చూడు, అక్కడ నాకు ఏడుపు రావాల్సింది పోయి ఒళ్ళు మండింది. మనవాళ్ళు చివరి శ్వాస విడుస్తారమ్మా. ప్రాణం వదుల్తారు, కన్నుమూస్తారు. తీసుకోవడమంతా ఆ ఇంగ్లీషు టేక్ నిర్వాకం.

ఇక ఊరుకోలేక ఎర్ర పెన్ను పట్టుకుని లెక్కపెట్టా. పదకొండు పేజీల్లో పంతొమ్మిది తీసుకోవడాలు! మావయ్య స్నానం తీసుకున్నాడు, బస్సు తీసుకున్నాడు, వాళ్ళమ్మాయి పరీక్ష తీసుకుంది, ఆస్పత్రికి చేరడానికి గంట తీసుకుంది. ఏం, మావయ్య స్నానం చెయ్యలేడా, బస్సెక్కలేడా? మనం పరీక్ష రాస్తాం, మాత్ర వేసుకుంటాం, ఫోటో దిగుతాం, ఆఫీసుకి సెలవు పెడతాం, కునుకు తీస్తాం, గంట పడుతుంది. వాళ్ళు ఒక్క టేక్‌తో నెట్టుకొచ్చే చోట మనకి ఇంటినిండా మాటలున్నాయి, నువ్వేమో అందర్నీ బయటికి పంపేసి ఒక్కడితోనే చాకిరీ చేయిస్తున్నావు.

నిన్నంటున్నాను గానీ నేనేం తక్కువ తినలేదు. ఓ పేపర్లో నైట్ డ్యూటీ చేసే రోజుల్లో వార్తా ఏజెన్సీ పంపిన ఇంగ్లీషు కాపీలో రైతులు 'టుక్ టు ద స్ట్రీట్స్' అనొస్తే నిద్రమత్తులో "రైతులు వీధులు తీసుకున్నారు" అని రాసిచ్చా. మా ఇన్‌ఛార్జి కాయితం పైకెత్తి "ఎక్కడికి తీసుకెళ్ళారయ్యా, ఇళ్ళకా?" అన్నాడు హాలంతా వినపడేలా. రోడ్డెక్కారు అనే మాట నాకు తెలీదా? ఎరువుల కోసం మా ఊళ్ళో రోడ్డెక్కినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. అయినా చేతికి రాలేదు.

అసలు టేక్ ఇంగ్లీషువాళ్ళ సొంత సొత్తు కూడా కాదు, ఉత్తరాది నుంచి ఓడల్లో దండెత్తొచ్చిన వైకింగులు తెచ్చిన 'టాకా' అది. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళకి 'నిమన్' అని సొంత మాట ఉండేది, టేక్ వచ్చి దాన్ని తరిమేసింది. పోతూ పోతూ 'నమ్' అనే మాట వదిలివెళ్ళింది, అంటే తిమ్మిరి. దాని అసలర్థం ఏంటో తెలుసా, ఏదో వచ్చి పట్టేసుకున్నది అని. మనం ఏమంటాం? కాలు తిమ్మిరి పట్టిందంటాం! ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇదిగో, నిద్ర పట్టడం. ముసురు పట్టడం, చెమట పట్టడం, తుప్పు పట్టడం, కుళాయి దగ్గర నీళ్ళు పట్టడం, బిడ్డకి పాలు పట్టడం, మిల్లులో పిండి పట్టించడం, పిచ్చి పట్టడం. ఇంత మాట పెట్టుకుని ఎవరి పనిమనిషినో అరువు తెచ్చుకుంటావా? ఒక ఎడిటరు, పేరెందుకులే, నా కథలో "వాన పట్టేసింది"ని "వర్షం ప్రారంభమైంది" చేసి అచ్చేశాడు, పైగా భాష శుభ్రం చేశానని కార్డు ముక్క రాశాడు. ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది. ఇప్పటివాళ్ళు శుభ్రం అనరు, "ఇలా అయితేనే కనెక్ట్ అవుతుంది సార్" అంటారు, అంతే తేడా.

అలాగని తీసుకోవడం మీద నాకు పగేం లేదు. 'లైట్ తీస్కో' కూడా టేక్ కడుపున పుట్టిందే అనుకుంటా, కానీ అది కుర్రాళ్ళ నోట్లో నలిగి మనదైపోయింది. నీ "స్నానం తీసుకున్నాడు" ఎవరి నోట్లోనూ నలగలేదు.

ఏ పత్రికకి పంపాలి, టైటిల్ మార్చాలా అని అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు గమనించావో లేదో, నీ కథలో అమ్మమ్మ నోరు తెరిస్తే తెలుగు, నువ్వు తెరిస్తే ఇంగ్లీషు. ఏడో పేజీలో ఆవిడ కాలు పట్టేసి మంచం దిగలేక, నిన్ను లేపడానికి గ్లాసుతో గోడ మీద కొడుతుంది, నువ్వు లేచొచ్చేసరికి "ఏం లేదులే, దాహం కూడా పోయింది, పడుకో" అంటుంది. ఆ ముక్క మాత్రం ముట్టుకోకు. మిగతాది తిరగరాసి పంపు, ఈసారి కాయితానికి ఒక వైపే రాయి, నా కళ్ళు అంత బాలేవు.