వణుకుడు మాత్ర ఇప్పుడే మొదలుపెడితే తర్వాత పనిచేయదా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏడాదిన్నరగా కుడి చెయ్యి వణుకుతోంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పది నిమిషాలు పడుతోంది. సంతకం కలవడం లేదని బ్యాంకులో రెండుసార్లు ఫారం వెనక్కిచ్చారు. ఎంఆర్‌ఐ నార్మల్‌ అని వచ్చింది. అయినా న్యూరాలజిస్టు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని చెప్పి లెవోడోపా మాత్రలు రాశారు. ఆ మాత్ర అయిదేళ్లే పనిచేస్తుందని, జబ్బు ముదిరేదాకా ఆగాలని మా బాబాయి అంటున్నారు. మూడు నెలలుగా మాత్రలు బీరువాలోనే ఉన్నాయి. ఈలోగా ఒకరు దూలగొండి గింజల పొడి ఇచ్చారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ న్యూరాలజిస్టుకు ఒకసారి ఫోన్‌ చేసి, ఆయన చెప్పిన మోతాదులోనే మాత్రలు మొదలుపెట్టించండమ్మా. ఇంకా ఆగడం వల్ల మీ నాన్నగారికి ఒరిగేదేమీ లేదు.

మీ బాబాయిగారిని తప్పుపట్టను. ఒకప్పుడు మా డాక్టర్లలోనే చాలామంది అలా నమ్మి, ఈ మాత్రను వీలైనంత వెనక్కి నెట్టేవారు. కొన్నేళ్లు వాడాక మాత్ర ప్రభావం రెండు మూడు గంటల్లోనే తగ్గిపోవడం, ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం చూసి, తప్పంతా మందుదే అనుకున్నారు.

ఆ అనుమానాన్ని తేల్చిన పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. ఆఫ్రికాలోని ఘనాలో మందు సులువుగా దొరకదు కాబట్టి అక్కడి పేషెంట్లు జబ్బు మొదలైన సగటున నాలుగేళ్లకు గానీ లెవోడోపా మొదలుపెట్టలేదు. ఇటలీలో రెండున్నరేళ్లలోపే మొదలైంది. మందు పనిచేయడానికి కాలపరిమితి ఉంటే ఘనా వాళ్లకు ఇబ్బందులు ఆలస్యంగా రావాలి కదా? రాలేదు. జబ్బు మొదలైన దగ్గర్నుంచి లెక్కేస్తే రెండు చోట్లా దాదాపు ఒకే సమయానికి వచ్చాయి. అంటే అసలు కారణం మందు వాడిన కాలం కాదు, జబ్బు వయసు. ఒంటి బరువుకు మించిన మోతాదు కూడా ఒక కారణమే. అందుకే తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం.

ఎందుకిలా అవుతుందంటే, మొదట్లో మెదడులో మిగిలిన కణాలు లెవోడోపాను డోపమైన్‌గా (కదలికలను నడిపించే మెదడు రసాయనం) మార్చి, దాచుకుని, కొంచెం కొంచెంగా వదులుతాయి. మేడ మీద ట్యాంకు నిండా నీళ్లుంటే కరెంటు పోయినా కుళాయిలో నీళ్లొస్తాయి. కణాలు తగ్గేకొద్దీ ఆ ట్యాంకు చిన్నదైపోతుంది, ఇక మోటారు ఆగితే నీళ్లూ ఆగుతాయి. మాత్ర బీరువాలో పెట్టినంత మాత్రాన ట్యాంకు చిన్నదవడం ఆగదు.

2019లో నెదర్లాండ్స్‌లో 445 మందిపై చేసిన ట్రయల్‌ కూడా ఉంది. సగం మందికి మొదటి నుంచీ లెవోడోపా, మిగతావారికి 40 వారాలు ఉత్తుత్తి మాత్ర, ఆ తర్వాత అసలుది ఇచ్చారు. 80 వారాలకు రెండు గుంపుల స్థితిలో పెద్ద తేడా లేదు. ముందుగా వాడినందుకు జబ్బు నెమ్మదించలేదు, అలాగని చెరుపూ జరగలేదు. కానీ ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు ఆ 40 వారాలూ మందు ఇచ్చే హాయి లేకుండానే గడిపారు. మీ నాన్నగారు గుండీలతో కుస్తీ పడుతున్న ఈ మూడు నెలలూ అలాంటివే. వీటిని తిరిగి ఇవ్వలేం. నాకు బాధ కలిగించేది అదే.

ఎంఆర్‌ఐ గురించి: పార్కిన్సన్స్‌లో మామూలు ఎంఆర్‌ఐ చాలావరకు నార్మల్‌గానే ఉంటుంది. దెబ్బలు, గడ్డలు, పక్షవాతం లాంటివి కావని తేల్చుకోవడానికే తీయిస్తాం. జబ్బును పట్టుకునేది కంటితోనే. కాగితం మీద ఒకే వాక్యం నాలుగుసార్లు రాయమంటే అక్షరాలు పోనుపోను చీమల్లా చిన్నవవుతాయి. వరండాలో నడిపిస్తే ఒక చెయ్యి ఊగదు. బ్యాంకువాళ్లు వెనక్కిచ్చిన ఆ ఫారాలు దొరికితే డాక్టరుకు చూపించండి. 1992లో లండన్‌లో, బతికున్నప్పుడు పార్కిన్సన్స్ అని నిర్ధారించిన 100 మంది మెదళ్లను మరణానంతరం పరీక్షిస్తే 76 మందికే అది నిజమైంది. అందుకే మాత్రకు ఒళ్లు ఎలా స్పందిస్తుందో చూడటమూ మా పరీక్షలో భాగమే.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. కళ్లు తిరుగుతున్నాయనో, వాంతులనో నాన్నగారు స్టెమెటిల్, సినారిజిన్, పెరినార్మ్ లాంటివి నెలల తరబడి వాడారా? ఇవి అచ్చం పార్కిన్సన్స్‌లాగే వణుకు తెప్పిస్తాయి. అదే కారణమైతే, డాక్టరు సలహాతో ఆపాక చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గిపోతుంది.

దూలగొండిలో (మీ వైపు దురదగొండి అంటారేమో) నిజంగానే లెవోడోపా ఉంటుంది. అదే చిక్కు. చెంచాలో ఎంతుందో మనకు తెలియదు. మాత్రతో కలిస్తే మోతాదు ఎక్కువైపోవచ్చు. పొడి వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మాత్ర భోజనానికి అరగంట ముందు వేయండి. పప్పు, పాలు, గుడ్డులోని మాంసకృత్తులు మందును ఒంటికి పట్టనివ్వవు. మొదట్లో వికారం అనిపిస్తే రెండు బిస్కెట్లతో వేయొచ్చు. దానికోసం పెరినార్మ్ మాత్రం కొనకండి. కూర్చుని లేచేటప్పుడు కళ్లు తిరిగితే నెమ్మదిగా లేవమనండి. మొదలుపెట్టాక ఎవరి మాటా విని ఒక్కసారిగా ఆపకండి. తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడం వరకూ పోవచ్చు.

తర్వాతిసారి వెళ్లేటప్పుడు రెండు వీడియోలు పట్టుకెళ్లండి. మాత్ర వేయకముందు గుండీలు పెట్టుకుంటున్నది ఒకటి, వేసిన గంటకు ఇంకొకటి. పాత మందుల ఖాళీ అట్టలు కూడా సంచిలో వేసుకోండి.