స్పెక్‌లో ఉందని డ్రైవర్‌లో దూర్చొద్దు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూసినా. కొత్త ఈఎంఎంసీ చిప్పులో (బోర్డు మీదనే అతికించే ఫ్లాష్ మెమరీ) కమాండ్ క్యూయింగ్ ఉందంట, దానికి మీ డ్రైవర్‌లో (ఆ చిప్పుని నడిపే కోడ్) సపోర్ట్ పెట్టాలా వద్దా తేల్చమని మీ మేనేజర్ నీ నెత్తిన వేసినాడంట. స్పెక్‌లో (చిప్పు ఎట్ల పని చేయాలో చెప్పే ప్రమాణ పత్రం) ఉండాది కదా మామా, పెట్టేస్తే ఏం పోతాది అంటివి. పోయేది చానా ఉంది, అందుకే ఇంత రాస్తాండా.

ముందు ఆ బోర్డు యాడికి పోతాదో చూడు. ఓర్వకల్లు సోలార్ పార్కులో ఇన్వర్టర్ల కాడ రీడింగులు రాసుకునే లాగర్ కదా, నిమిషానికి నాలుగు లైన్లు రాసి గమ్మునుంటాది. కమాండ్ క్యూయింగ్ అంటే 32 పనుల దాకా ఒకేసారి చిప్పుకి అప్పజెప్పి ఏది ముందు చేయాలో దానికే వదిలేయడం, ఫోన్‌లో పది యాప్‌లు చిన్నచిన్న రీడ్‌లు అడిగేటప్పుడు అది బంగారమే, మీ లాగర్‌కి ఎందుకు? చిప్పు అమ్మేవాడి నంబర్లు పక్కన పెట్టి, మీ లాగర్ ఎట్ల రాస్తుందో ఎఫ్‌ఐఓ అనే టెస్ట్ టూల్‌లో అట్లే నడిపి కొలువు, తేడా లేకుంటే మాట అక్కడికే అయిపాయె.

లినక్స్ కెర్నల్‌లో (డ్రైవర్లన్నీ ఉండే నడిబొడ్డు కోడ్) దానికి కావల్సిందంతా 4.16 వెర్షన్ నుంచే, అంటే 2018 నుంచే ఉంది, ఆన్ చేసే కోడ్ కొంచెమే. కథంతా ఎర్రర్ రికవరీలో ఉంటాది. ఒక్క రిక్వెస్ట్ టైమౌట్ అయినా క్యూ ఆపి, చిప్పులో పెండింగ్ ఉన్నవన్నీ పారేసి, మల్ల మొదటి నుంచి పంపాల. ఆ దారి టెస్ట్ చేయకుండా ఎవురన్నా ప్యాచ్ (కోడ్ మార్పు) పంపితే నేనైతే చదవను కూడా.

కెర్నల్‌లో చేరి పోయిన పాతవి చూడు. కొన్ని పనుల్ని ఒకే మూటగా పంపే ఈఎంఎంసీ ప్యాక్డ్ కమాండ్లు 2013లో చేరినాయి, వాడేవాళ్ళు పెద్దగా లేక 4.10లో పీకేసినారు. లోపలి ఫ్లాష్‌ని కంప్యూటరే చూసుకునే ఓపెన్ ఛానెల్ ఎస్‌ఎస్‌డీల కోసం 4.4లో వచ్చిన లైట్‌ఎన్‌వీఎం 5.15లో పోయింది, తమాషా ఏందంటే అదే 5.15లోనే యూఎఫ్‌ఎస్ (ఫోన్లలో వాడే ఫ్లాష్) హెచ్‌పీబీ వచ్చింది, ఫోన్ ర్యామ్‌లో కొంత తీసుకుని ఏ డేటా యాడుందో ఆ పట్టీ దాచుకునే ఫీచర్ అది, రెండేళ్ళు తిరక్కుండానే 2023లో దాన్నీ తీసేసినారు. అన్నీ స్పెక్‌లో ఉన్నయ్యే, తెలివైనోళ్ళు రాసినయ్యే. ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీల ప్రమాణం) డ్రైవర్ చూసేవాళ్ళు ఆమోదం పొందిన స్పెక్ ఫీచర్లే తీసుకుంటామని కెర్నల్ డాక్యుమెంట్‌లోనే రాసిపెట్టినారు, నాకు ఆ పట్టుదల నచ్చుతాది.

మీ బోర్డుకి అసలు కావల్సింది వేరే. చిప్పు లోపల క్యాష్ (రాసింది కాసేపు దాచే చోటు) ఆన్‌లో ఉంటే ఫ్లష్ అయ్యేదాకా, అంటే అసలు మెమరీలోకి దిగేదాకా, రాసింది ఖాయం కాదు, కరెంటు పోతే గోవిందా. ఇంకోటి, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన వివరాలు చూపించే ఫోల్డర్) లైఫ్‌టైమ్ అని ఒక ఫైల్ ఉంటాది, రెండు హెక్స్ అంకెలు చూపిస్తాది, 01 అంటే ఆయుష్షులో పది శాతం లోపే అరిగింది, 0బీ అంటే అయిపోయింది. దాన్ని లాగర్ రోజూ పంపితే సైటుకి పోకుండానే తెలుస్తాది. మా కర్నూలు ఎండలో ఆ డబ్బా లోపల ఎంత కాలుతుందో నీకు చెప్పాల్నా, వేడికి ఫ్లాష్‌లో డేటా నిలిచే కాలం తగ్గుతాది.

మేనేజర్ వినకుంటే పెట్టు, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచి డివైస్ ట్రీలో (బోర్డులో ఏముందో కెర్నల్‌కి చెప్పే ఫైల్) అడిగిన బోర్డుకే ఆన్ చేయి, ఏదన్నా చిప్పు తప్పు చేస్తే ఆ మోడల్ పేరుతో క్విర్క్ (ఆ చిప్పుకి మాత్రమే మినహాయింపు) పెట్టు.

ఆదివారం వస్తే బోర్డొకటి, సీరియల్ కేబుల్ తెచ్చుకో. రాస్తా ఉన్నప్పుడే ప్లగ్ పీకి చూద్దాం, అత్త ఉగ్గాని చేస్తానంది.

మీ మామ