ఇంకెన్నాళ్లు ఈ చిన్న దిబ్బ మీద పరుగులు?

ప్రశ్న: నమస్తే సార్, నేను హ్యాంగ్ గ్లైడింగ్ (పెద్ద రెక్క కింద వేలాడుతూ ఎగరడం) క్లబ్‌లో చేరి కొంతకాలమైంది, ఇన్‌స్ట్రక్టర్ గారు ఇప్పటికీ చిన్న దిబ్బ మీదే పరిగెత్తిస్తున్నారు, లేచేది మనిషెత్తు, అదీ రెండు మూడు సెకన్లు. నాతోపాటు చేరినతను అప్పుడే పెద్ద కొండకి వెళ్లిపోయాడు. నన్నూ పంపమని గట్టిగా అడగనా? పైగా ప్రతిసారీ గ్లైడర్‌కి వేలాడదీసి చెక్ చేస్తారు, చిరాకేస్తోంది.

జవాబు: వద్దండీ, తొందరపడకండి. ఎత్తులో ఉన్నప్పుడు చిన్న తప్పు చేసినా సరిదిద్దుకునే టైమ్ ఉంటుంది, టేకాఫ్‌లోనూ ల్యాండింగ్‌లోనూ ఆ ఛాన్స్ ఉండదు, దిబ్బ మీద మీరు నేర్చుకుంటున్నది ఆ రెండే.

మీ పరుగుని ఫోన్‌లో వీడియో తీయించుకుని చూడండి. గ్లైడర్ ముక్కు ఎక్కువ లేస్తే రెక్క గాలికి అడ్డంపడి వెనక్కి లాగుతుంది, స్పీడ్ రాకముందే లేచి స్టాల్ అయి, అంటే రెక్కకి లేపే శక్తి పోయి, ఒక పక్కకి ఒరిగిపోతుంది. మరీ దించితే రెక్క అసలు లేవదు. సరిగ్గా పట్టుకుంటే పరిగెత్తేకొద్దీ భుజాల మీద బరువు పోయి హార్నెస్ (మిమ్మల్ని గ్లైడర్‌కి వేలాడదీసే తొడుగు) పట్టీలు బిగుసుకుంటాయి, అప్పుడు కూడా కాళ్లు ఆపకూడదు, నేల అందనంతవరకూ పరిగెడుతూనే ఉండాలి. చాలామంది ఇక్కడే ఎగిరి దూకేస్తారు, దూకగానే రెక్క మీద లోడ్ ఒక్కసారిగా పోయి మళ్లీ పడుతుంది, గ్లైడర్ కూలబడుతుంది. ఇంకోటి, చేతులతో పట్టుకునే బార్ మీవైపు లాక్కుంటే స్పీడ్ పెరుగుతుంది, తోస్తే తగ్గుతుంది, కానీ భయమేస్తే చేతులు వాటంతటవే తోసేస్తాయి. ఆ అలవాటు పోవాలంటే ఇలాంటి చిన్న దిబ్బ మీద మళ్లీ మళ్లీ పరిగెత్తాల్సిందే.

గ్లైడర్లతో ఎగిరిన తొలితరం జర్మన్ ఒట్టో లిలియెంతాల్ అంతటివాడు 1894లో బెర్లిన్ దగ్గర దాదాపు 15 మీటర్ల మట్టిదిబ్బ ప్రత్యేకంగా పోయించుకున్నాడు, గాలి ఎటునుంచి వీచినా ఎదురుగా పరిగెత్తొచ్చని. అంత ప్రాక్టీస్ ఉన్నవాడే 1896లో గ్లైడర్ స్టాల్ అయి పడి చనిపోయాడు, స్టాల్ అంటే అంత జాగ్రత్తగా ఉండాలి.

ఆ వేలాడదీసి చూసే హ్యాంగ్ చెక్ మీద మాత్రం చిరాకు పడొద్దు, ప్లీజ్. హార్నెస్ ఒంటి మీద ఉంటుంది, బకిల్స్ అన్నీ పెట్టుకునే ఉంటారు, కారాబైనర్ (హార్నెస్‌ని గ్లైడర్‌కి తగిలించే కొక్కెం) ఒక్కటే గ్లైడర్ పట్టీకి తగిలించి ఉండదు, అలాగే పరిగెత్తేసిన సీనియర్ పైలట్లు ఉన్నారు. గాలి మారిందనో, హెల్మెట్ మర్చిపోయామనో మధ్యలో విప్పి, తిరిగొచ్చి నేరుగా టేకాఫ్ చేసేస్తారు. అందుకే ఒకసారి విప్పితే మళ్లీ మొదటినుంచీ చెక్ చేయాలి, ఎవరూ గుర్తుచేయకపోయినా మీరే అడిగి చేయించుకోండి.

మీతో చేరినతని సంగతి వదిలేయండి. కొండకి ఎప్పుడు పంపుతారని కాకుండా, నా పరుగులో ఇంకా ఏం సరిగ్గా లేదని ఇన్‌స్ట్రక్టర్ గారిని అడగండి, ఆయన కచ్చితంగా చూపిస్తారు.