వచ్చిందా, వచ్చాడా?

సందేహం: ‘బాగ్దాద్‌లో ఫ్రాంకెన్‌స్టైన్’ అనే అరబ్బీ నవలను మిత్రులకు తెలుగులో పరిచయం చేయాలనుకుంటున్నాను. అందులో శవాల ముక్కలతో కుట్టిన ఆకారాన్ని ఏమనాలి? రాక్షసుడా, పిశాచమా, భూతమా?

సమాధానం: రాక్షసుడు మాత్రం వద్దండీ. మన కథల్లో రాక్షసుడికి తల్లీతండ్రీ, వంశం ఉంటాయి. రావణుడు విశ్రవసుడికీ కైకసికీ పుట్టాడు. ఇది పుట్టింది కాదు, కుట్టింది. 2005 నాటి బాగ్దాద్‌లో, బతావీన్ పేటలో పాతసామాన్ల వ్యాపారి హాదీ బాంబు పేలుళ్లలో తెగిపడిన ముక్కలు ఏరుకొచ్చి ఒక్క శవంగా కుట్టాడు. ఆ ముక్కలు చెత్తలో కలిసిపోకూడదని, మనిషికి జరిగినట్టు ఖననం జరగాలని అతని తాపత్రయం. పేలుడులో పోయిన ఓ హోటలు కాపలావాడి ఆత్మ అందులో దూరింది.

శవంలో దూరి కదిలించేది కనక అర్థానికి దగ్గరి మాట బేతాళుడే. కానీ ఆ మాట వినగానే మనకు విక్రమార్కుడి భుజం, చెట్టు కళ్ల ముందుకొస్తాయి, బాగ్దాద్ పక్కకు పోతుంది. అందుకే కథనంలో ‘భూతం’ అనండి. భూతమంటే గడిచిపోయినది కూడా కదా, పోయినవాళ్ల ఒళ్లతో చేసినదానికి బాగా అతుకుతుంది. ఫ్రాంకెన్‌స్టైన్ అని మాత్రం పిలవకండి. మేరీ షెల్లీ 1818 నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో అది భూతం పేరు కాదు, దాన్ని తయారుచేసినవాడి పేరు.

రచయిత అహ్మద్ సాదావీ దీన్ని ‘షిస్మా’ అన్నాడు. పేరు నోటికి రానప్పుడు ఇరాకీలు అనే మాట అది, ‘వాడి పేరేంటి’ అని. మన అమ్మమ్మలూ అంతే: “ఒరేయ్, పొద్దున వచ్చాడే, వాడూ... వాడి పేరేంటీ...” పాత్రల నోట నేనైతే ‘పేరేంటోడు’ అంటాను, ఊరోడు, పనోడు లాగా.

మీరు అడగకపోయినా, అసలు చిక్కు క్రియలో ఉంది. అరబ్బీలో నపుంసకం లేదు, పుంలింగం పెడితే సరిపోతుంది. తెలుగులో వచ్చిందో, వచ్చాడో తేల్చాలి. అందరికీ ఒకే క్రియ పెట్టకండి. ఇరాన్ యుద్ధానికి వెళ్లి తిరిగిరాని కొడుకు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న ముసలామె ఇలీష్వా దాన్ని దానియేలు అని పిలిచి, కొడుకు బట్టలు తొడిగింది. ఆమె నోట ‘వచ్చాడు’ తప్ప ఇంకోటి రాకూడదు. హాదీ మాత్రం తన చేత్తో ముక్కు అతికించి కుట్టినవాడు. మర్నాడు చూస్తే శవం లేదు. అక్కడ ‘వాడు లేడు’ అని రాయకండి. ‘అది లేదు’ అనే రాయండి, అతనికింకా అది శవమే.