ఎర్రలన్నీ ఒక మూలకే ఎందుకు చేరుతున్నాయి?

సందేహం: సార్, మాది బెంగళూరు పక్కన హొసకోటె. ఎర్రలతో (వానపాములతో) ఎరువు చేసే వర్మీకంపోస్టు బెడ్లు మూడు వేశాం. కె.ఆర్. మార్కెట్ నుంచి పండ్ల చెత్త తెచ్చి వేస్తున్నాం. ఎర్రలన్నీ బొప్పాయి, అరటి తొక్కల కిందే ముద్దకట్టి ఉంటున్నాయి. బత్తాయి తొక్కలు, పచ్చిపేడ వేసిన వైపు రానే రావు. రాత్రిళ్లు కొన్ని గోడెక్కి బయట పడుతున్నాయి. గోనెపట్టా ఎత్తితే తెల్లని నలుసుల్లాంటి పురుగులు టపటపా గెంతుతున్నాయి. మందు కొట్టమంటారా?

జవాబు: ముందు ఆ మందు డబ్బా పక్కన పెట్టండమ్మా. మీ బెడ్‌కి తెగులేమీ లేదు, మీరు వేసిన మేతలో కొంత ఎర్రలకు గిట్టలేదు, అంతే.

ఎర్రకు కళ్లుండవు, ముక్కూ ఉండదు. అయినా వాసన పసిగడుతుంది. ఆ పని చేసే కణాలు ఒంటి చర్మం మీదే ఉంటాయి, నోటి పైన పెదవిలా ఉండే కొసన మరీ ఎక్కువ. డార్విన్ 1881లో రాసిన సంగతి చూడండి. పావు అంగుళం మట్టి కింద క్యాబేజీ, ఉల్లి ముక్కలు తొమ్మిదిసార్లు దాచిపెడితే, తొమ్మిదిసార్లూ ఎర్రలు వెతికి పట్టుకున్నాయి. అత్తరు అద్దిన దూదిని దగ్గరగా తిప్పితే మాత్రం లెక్కచేయలేదు. (ఉల్లి అసలు వేయకూడదనే మాట మీరూ వినే ఉంటారు. నా లెక్కలో తప్పు ఉల్లిది కాదు, బుట్టలకొద్దీ గుమ్మరించడానిది.)

బొప్పాయి తొక్క మీద పట్టే బూజు, సూక్ష్మజీవులే వాటికి అసలు విందు. 2011లో బెల్జియం పరిశోధకులు ఒక రకం బూజు విడిచే పండు వాసనకే కంపోస్టు ఎర్రలు కదిలి వస్తాయని చూపారు. బత్తాయి తొక్కలో నూనె ఉంటుంది, అందులోని లిమోనీన్ అనే పదార్థం ఎర్రలకు విషం. పచ్చిపేడలో వేడి, అమ్మోనియా ఘాటు. గోడెక్కేది ఆ బాధ పడలేకే.

బత్తాయి తొక్కలు ఏరేసి విడిగా కుప్ప వేయండి. పేడను పదిహేను ఇరవై రోజులు నీడన మాగనిచ్చి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే వేయండి.

ఇక ఆ గెంతేవి స్ప్రింగ్‌టెయిల్స్. బూజు తిని బతుకుతాయి, ఎర్రల జోలికి రావు. తొలకరి చినుకుకు లేచే మట్టివాసన ఉంది చూశారూ, మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. ఆ వాసన పట్టుకునే ఇవి దాని దగ్గరికి చేరి, తిని, దాని సిద్ధబీజాలను (విత్తనాల్లాంటి కణాలను) ఒంటికి అంటించుకుని మోస్తాయని 2020లో తేలింది. మరీ ఎక్కువైతే తడి ఎక్కువైందని లెక్క. గుప్పెడు తీసి పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే చాలు, ధార కడితే రెండు రోజులు నీళ్లు ఆపండి.

కొత్త చెత్త ఏది వచ్చినా ముందు చారెడు ఒక మూలన పెట్టి, మర్నాడు పొద్దున్నే పట్టా ఎత్తి చూడండి. దాని కింద ఎర్రలుంటే బెడ్ అంతా పరవండి. లేకపోతే ఇంకో వారం మాగనివ్వండి.