తలపాగా తీసేస్తే గొడవ ఉండదు కదా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు అమెరికాలోని సిక్కుల గురించే. అందుకే నాలుగింటినీ ఒకచోట వేస్తున్నాను.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక సిక్కు కుర్రాడున్నాడు, చాలా మంచివాడు. ఈమధ్య పార్కింగ్‌లో ఎవడో అతన్ని పట్టుకుని "మీ దేశానికి పో" అని తిట్టాడట. నాకు తోచింది చెప్పాను. తలపాగా తీసేసి గడ్డం ట్రిమ్ చేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు కదా, అది కుదరకపోతే కనీసం "నేను ముస్లింని కాదు" అనైనా చెప్పు అన్నాను. నవ్వి ఊరుకున్నాడు గానీ అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటున్నాడు. నేనన్నదాంట్లో తప్పేముంది? – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మీరు మంచి మనసుతోనే అన్నారు, అందులో సందేహం లేదు. కాకపోతే ఆ రెండు సలహాలూ అతను స్కూలు రోజుల నుంచీ వింటూనే ఉండి ఉంటాడు.

జుట్టు కత్తిరించకూడదన్నది ఖాల్సా అనే సిక్కు మత దీక్ష తీసుకున్నవాళ్లకి నియమం. దీక్ష తీసుకోకపోయినా కేశాలు ఉంచుకుని తలపాగా కట్టేవాళ్లు చాలామంది, కత్తిరించుకునే సిక్కులూ చాలామందే. ఏది చేయాలన్నది వాళ్లిష్టం. పార్కింగ్‌లో ఎవడో అరిచాడని మార్చుకునే సంగతి మాత్రం కాదు.

రెండో సలహా ఇంకా ఇబ్బందైనది. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన నాలుగో రోజున అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీని ఆయన సొంత గ్యాస్ స్టేషన్ బయటే కాల్చి చంపారు. ముస్లిం అనుకుని పొరబడ్డారని అప్పుడు చాలామంది అన్నారు. సరే, పొరబడకుండా నిజంగానే ఒక ముస్లింని చంపి ఉంటే? అప్పుడు పర్వాలేదా? సిక్కు సంఘాల్లో చాలామంది "మేం వాళ్లం కాదు" అన్న మాటను కావాలనే పక్కన పెట్టారు, ఎందుకంటే ఆ మాట అనగానే తుపాకీ ఇంకొకరి వైపు తిప్పినట్టవుతుంది. మా గురించి తెలుసుకోండి అంటారు, ఎవరినీ కొట్టకండి అంటారు, అంతే. నా లెక్కలో ఇది మామూలు ధైర్యం కాదు, ఎందుకంటే ఆ ఒక్క మాట అనేస్తే ఆ పూటకి బయటపడొచ్చు మరి.

2012 ఆగస్టు 5, ఆదివారం. విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో లంగర్‌కి, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనానికి, వంటలు అవుతుంటే ఒక శ్వేతజాతి దురహంకారి లోపలికొచ్చి ఆరుగురిని చంపాడు. గాయపడిన బాబా పంజాబ్ సింగ్ ఏళ్ల తరబడి పక్షవాతంతో ఉండి 2020లో పోయారు. ఆ కాల్పుల్లో తల్లిని పోగొట్టుకున్న ఒక కుర్రాడు సెనేట్ ముందుకెళ్లి, కనీసం మా అమ్మకి ప్రభుత్వ లెక్కల్లోనైనా చోటివ్వండని అడిగాడు. ఎందుకంటే అప్పటిదాకా ఎఫ్‌బీఐ విద్వేష నేరాల ఫారంలో సిక్కులకు విడిగా గడే లేదు! 2015 నుంచి వచ్చింది. మనవాళ్లు పెద్దగా గమనించని సంగతేమిటంటే, ఆ మార్పుతోనే హిందువులకీ అరబ్బులకీ కూడా విడిగా గడులు వచ్చాయి.

ఇక తలపాగా తీస్తే సరిపోతుందా అంటే, 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలాతేలో కాల్పుల్లో చనిపోయిన మన హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లకి తలపాగా ఏదీ లేదు కదండీ. ఇరానీ అనుకుని కాల్చానన్నాడు ఆ కాల్చినవాడు.

మీ స్నేహితుడి దగ్గరికి వెళ్లి సలహాలేమీ ఇవ్వకండి. ఆరోజు జరిగిందాని మీద కంప్లయింట్ ఇచ్చావా, మన బిల్డింగ్ కెమెరా ఫుటేజీ అడుగుదామా, నేను కూడా వస్తాను పద అనండి. ముభావం ఉంటుందో పోతుందో అప్పుడు చూద్దాం.

ప్రశ్న: మా పక్కింటి సిక్కు కుటుంబంలో అబ్బాయికి ఒక పెద్ద స్టోర్‌లో ఉద్యోగం వచ్చింది. తలపాగాతో కౌంటర్‌లో వద్దు, వెనక గోడౌన్‌లో చెయ్యి అన్నాడట మేనేజరు, కస్టమర్లు ఇబ్బంది పడతారని. జీతంలో తేడా లేదు కదా ఊరుకోరా అంటున్నారు వాళ్ల నాన్నగారు. మీరేమంటారు? – ఒక పాఠకురాలు, ఫ్రెస్నో

జవాబు: ఊరుకోవద్దంటాను. జీతం సమానమైనా మనిషిని జనం కంటికి కనపడకుండా దాచడం చట్టం ఒప్పుకోదు.

1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ 7 ప్రకారం, 15 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న ఏ సంస్థైనా ఉద్యోగి మత ఆచారానికి వీలు కల్పించాలి, వ్యాపారానికి మరీ భారమైతే తప్ప. భారం అంటే ఎంత? ఒకప్పుడు ఏ కాస్త ఖర్చు చూపించినా కంపెనీలు తప్పించుకునేవి. ఆదివారం పని చేయనన్న ఒక క్రైస్తవ పోస్టల్ ఉద్యోగి కేసులో 2023లో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది, వ్యాపారం మొత్తం మీద చెప్పుకోదగ్గ ఖర్చు పడుతుందని చూపించాల్సిందే అంది. కస్టమర్లకి నచ్చదు అన్నది ఆ లెక్కలోకే రాదు. పైగా మీరున్నది కాలిఫోర్నియాలో. అక్కడ 2012లో చేసిన చట్టం మతపరమైన దుస్తులు, జుట్టు, గడ్డం సంగతి విడిగా రాసి, మనిషిని జనానికి కనపడకుండా పక్కన పెట్టడం సర్దుబాటు కింద లెక్కకు రాదని తేల్చి చెప్పింది. అక్కడ ఐదుగురు ఉద్యోగులున్నా చాలు.

ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. న్యూయార్క్ సబ్‌వేలో కెవిన్ హారింగ్టన్ అనే సిక్కు రైలు ఆపరేటర్ సెప్టెంబర్ 11న రైలును వెనక్కి నడిపి ప్రయాణికుల్ని కాపాడాడు. తర్వాత అదే సంస్థ ఆయనకీ, ఆయనలాంటి వాళ్లకీ ఏం చెప్పిందో తెలుసా? తలపాగా మీద సంస్థ లోగో పెట్టుకో, లేకపోతే జనానికి కనపడని యార్డులో పని చెయ్యి అంది. కోర్టుల్లో తిరిగి తిరిగి 2012లో గానీ రాజీ కుదరలేదు. న్యూయార్క్ పోలీసు శాఖ 2016 చివర్లో తలపాగాకి ఒప్పుకుంది, సైన్యం 2017 జనవరిలో రూల్స్ సడలించింది. వీటిలో ఏదీ ఊరికే రాలేదు.

అబ్బాయి ముందు చేయాల్సిందల్లా మేనేజర్ నోటితో చెప్పినదాన్ని కాగితం మీదికి తేవడం. "నా తలపాగా వల్ల కౌంటర్‌లో వద్దన్నారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అని మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టమనండి. ఉద్యోగాల్లో వివక్ష కేసులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీలో ఫిర్యాదుకి కాలిఫోర్నియాలో 300 రోజుల గడువు, రాష్ట్ర పౌర హక్కుల విభాగంలో మూడేళ్లు. ఫిర్యాదు చేశాడని పగబట్టి షిఫ్టులు తగ్గించినా అది ఇంకో కేసు అవుతుంది. సిక్కు కోఎలిషన్‌లాంటి సంస్థలు ఇలాంటి కేసుల్లో ఉచితంగా సాయం చేస్తాయి. వాళ్ల నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది, కొత్త ఉద్యోగం పోతుందేమోనని. కానీ ఆ అబ్బాయి పెద్దవాడు, ఏం చేయాలో అతనే చెప్పాలి.

ప్రశ్న: సిక్కులు 1980ల తర్వాతే అమెరికా వచ్చారని ఒక పెద్దాయన వాదించారు. నిజమేనా? – ఒక విద్యార్థి, న్యూజెర్సీ

జవాబు: పెద్దాయనకి ముప్పావు శతాబ్దం తేడా వచ్చింది. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కర్రల మిల్లుల్లో పనిచేసే మనవాళ్లని, ఎక్కువమంది సిక్కులే, అల్లరిమూక తన్ని ఊళ్లోంచి తరిమేసింది. పత్రికలు వాళ్లందర్నీ "హిందువులు" అనే రాశాయి, ఆనాటి నుంచీ ఇదే తంతు. 1912లో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో గురుద్వారా పెట్టుకున్నారు.

తర్వాత భగత్ సింగ్ థిండ్ కేసు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో తలపాగాతోనే పనిచేసిన మనిషి. అప్పట్లో పౌరసత్వం తెల్లవాళ్లకీ ఆఫ్రికా మూలాలున్నవాళ్లకే గనక, తానూ కాకేషియన్‌నేనని, అగ్రకులస్తుణ్ననీ కోర్టులో వాదించాడు. ఆ వాదన చదువుతుంటే నాకైతే ఇబ్బందిగానే ఉంటుంది. అదీ పనిచేయలేదు. మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కావు పో అంది సుప్రీంకోర్టు 1923లో. అంతకుముందే పౌరసత్వం వచ్చిన మరికొందరు భారతీయులది కూడా ఊడబెరికారు, వాళ్లలో హిందువులూ ఉన్నారు. థిండ్‌కి చివరికి 1936లో, మాజీ సైనికుల కోసం చేసిన చట్టం కింద దక్కింది. మిగతా భారతీయులు 1946 లూస్-సెల్లర్ చట్టం దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడైనా ఏడాదికి వందమందికే కోటా!

ఇంకో పేరు కూడా రాసుకో బాబూ, దలీప్ సింగ్ సౌంద్. బర్క్‌లీలో గణితంలో డాక్టరేట్ చేసి ఇంపీరియల్ లోయలో వ్యవసాయం చేసుకున్నాడు. 1949లో పౌరసత్వం, 1956లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నిక. ఆసియా మూలాలున్నవాళ్లలో అలా గెలిచిన మొదటివాడు ఆయనే.

ప్రశ్న: మా అమ్మాయిని సిక్కుల ఇంట్లో ఇచ్చాం. వచ్చే నెల వియ్యంకుడుగారితో కలిసి విమానంలో వెళ్తున్నాం. ఆయన కిర్పాన్ (సిక్కులు మత చిహ్నంగా ధరించే చిన్న కత్తి) ధరిస్తారు. ఎయిర్‌పోర్ట్‌లో గొడవవుతుందా? – ఒక పాఠకుడు, చికాగో

జవాబు: కిర్పాన్‌తో విమానం ఎక్కనివ్వరు. ఒరలో పెట్టి చెకిన్ లగేజీలో వేస్తే ఇబ్బంది లేదు. తలపాగా విప్పకుండానే మామూలుగా స్క్రీనింగ్‌కి వెళ్లొచ్చు. మళ్లీ చూడాలంటే ఆయనే తలపాగాని చేత్తో తడుముకుంటారు, ఆ చేతులకి పేలుడు పదార్థాల పరీక్ష చేస్తారు. ఒకవేళ విప్పమంటే విడిగా గదిలోనే అని అడిగే హక్కు ఉంది. కాస్త ముందు బయల్దేరండి. అయినా ఇవన్నీ మీ వియ్యంకుడుగారికి కంఠతా వచ్చి ఉంటాయి, లైన్లో ఆయన కంటే ముందు మీరు మాట్లాడకుండా ఉంటే చాలు.