కుందేలుకి జోడీ తేవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా నమస్తే అండీ. మాది కాకినాడ. మా ఇంట్లో ఏడాదిన్నర ఆడకుందేలు ఉంది, పేరు మల్లి, తెల్లటిది, ఎర్ర కళ్లు. పాప స్కూలుకి, మేమిద్దరం ఆఫీసులకి పోతే సాయంత్రం దాకా అది ఒక్కత్తే ఉంటుంది. ఈమధ్య బోను కడ్డీలు కొరుకుతోంది, పాప చెయ్యి పెడితే గుర్రుమని మీదికొస్తోంది. తోడు లేకే ఇలా చేస్తోందని అనిపిస్తోంది. షాపతనేమో ఇంకో ఆడదాన్ని తీసుకెళ్లండి, పిల్లల గొడవ ఉండదు అంటున్నాడు. మా ఆయన గినీపిగ్ తెద్దామంటున్నారు. మా అత్తగారికి ఊళ్లో పొలం గట్టున చెవులపిల్లి పిల్ల దొరికిందట, తెస్తానంటున్నారు. ఏది తేవాలి అక్కా?

జవాబు: చెల్లీ, ముందు మీ అత్తగారికి ఫోన్ చేసి ఆ పిల్లని ఎక్కడ దొరికిందో అక్కడే వదిలెయ్యమని చెప్పండి, మిగతాది తర్వాత చదువుదురు గాని. చెవులపిల్లీ మన ఇళ్లల్లో కుందేలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ జాతులే వేరు. మనం పెంచేవన్నీ యూరప్‌లో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే కుందేలు సంతతి, చెవులపిల్లేమో బొరియ తవ్వదు, పొదల్లో ఒంటరిగా బతుకుతుంది, దానికి తోడు అనే అవసరమే పెద్దగా లేదు. తల్లి పిల్లల్ని గడ్డిలో దాచేసి మేతకి పోయి చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది, మనమేమో పాపం దిక్కులేనిది అనుకుని ఇంటికి తెచ్చేస్తాం, అది బతకదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువది, పెంచుకుంటే కేసవుతుంది.

గినీపిగ్ కూడా వద్దు. కుందేలు వెనక కాళ్లతో ఒక్కటి తన్నిందంటే దానికి ఎముకలు విరుగుతాయి. కుందేళ్ల ముక్కులో బోర్డెటెల్లా అని ఒక బ్యాక్టీరియా ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండొచ్చు, అదే గినీపిగ్‌కి అంటుకుంటే న్యుమోనియా. తిండీ వేరే, గినీపిగ్‌కి విటమిన్ సి రోజూ తిండిలోంచే అందాలి. ఇవన్నీ పక్కనపెట్టినా, కుందేలు ఇంకో కుందేలు దగ్గరికెళ్లి తల కిందికి దించి పెడుతుంది, నాలుకతో నన్ను నాకవా అని. గినీపిగ్‌కి ఆ భాష రాదు.

కాబట్టి కుందేలుకి తోడు కుందేలే. ఏ కుందేలు అంటే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగది, మల్లికి కూడా ఆపరేషన్ అయ్యాక. అన్నిట్లోకీ బాగా కుదిరే జోడీ ఇదే. రెండు ఆడవి కలిసి ఉండవని కాదు, ఒకే ఈతలో పుట్టి కలిసి పెరిగినవి ఉంటాయి, కానీ ఏడాదిన్నరగా ఇల్లంతా నాదే అనుకుంటున్న ఆడదాని దగ్గరికి ఇంకో ఆడదాన్ని తెస్తే చాలా కష్టం. ఇంకోటి, షాపుల్లో చిన్న పిల్లల్ని చూసి ఆడా మగా చెప్పడం తరచుగా తప్పుతుంది. ఆడదని తెచ్చింది మగదైతే, జతకట్టిన దాదాపు 31 రోజుల్లో ఇంట్లో పిల్లలుంటాయి, కన్న రోజే మల్లి మళ్లీ చూలు కట్టగలదు కూడా. తెచ్చింది ఏదైనా సరే డాక్టర్ చేత చూపించాకే నమ్మండి.

మల్లి ఆపరేషన్ సంగతి తోడు కోసమే చెప్పట్లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుందేళ్లకి మూడు నాలుగేళ్లు దాటాక గర్భసంచి కేన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. మీరు చెప్పిన గుర్రుమనడం కూడా చాలావరకు హార్మోన్లూ, నా చోటులోకి రావద్దు అనడమూ అయ్యుండొచ్చు. కడ్డీలు కొరకడానికి అసలు కారణం బోనే అనిపిస్తోంది నాకు. తోడు వచ్చాక కూడా అదే బోనులో పెడితే రెండూ కొరుకుతాయి, కొట్టుకుంటాయి. ఇవాళే ఆ బోను తలుపు తీసేసి చుట్టూ పెద్ద కంచెలాగా పెన్ కట్టండి, ఎగిరి గంతెయ్యడానికి చోటుండాలి.

డాక్టర్ని ఎంచుకునేటప్పుడు కుందేళ్లకి ఎన్ని ఆపరేషన్లు చేశారని మొహమాటం లేకుండా అడగండి. రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా తీసుకురండి అన్నారంటే కుక్కల లెక్కలో చెబుతున్నారేమో అనుకోండి. కుందేలుకి వాంతి రాదు, ఖాళీ కడుపుతో ఉంచితే పేగులు ఆగిపోయే ప్రమాదం. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాలు దూరంగా ఉంచాలి, అప్పటిదాకా దానికి పిల్లల్ని పుట్టించే శక్తి మిగిలే ఉంటుంది.

రంగు, జాతి, సైజు వీటికి నేను అసలు విలువివ్వను. ఈడు దగ్గరగా ఉండాలి, స్వభావం కుదరాలి. మల్లి పెత్తనం చేసే రకంలా ఉంది కాబట్టి నెమ్మదైన మగదాన్ని చూడండి. ముద్దుగా ఉందని రెండు నెలల పిల్లని తేకండి, ఇప్పుడు కలిసిపోయినట్టే ఉంటుంది, నాలుగైదు నెలలకి ఈడొచ్చేసరికి మొత్తం తిరగబడుతుంది. నేనూ అలాగే చేశాను, అన్నదమ్ములు కదా కలిసే ఉంటాయిలే అని రెండు మగపిల్లల్ని తెచ్చాను, ఐదో నెలలో ఒక రాత్రి కొట్టుకుంటే పొద్దున చూసేసరికి ఒకదాని చెవి చీలిపోయి గది అంతా బొచ్చు. ఆ తర్వాత అవి మళ్లీ కలవలేదు, బతికినన్నాళ్లూ చెరో గదిలో ఉంచాల్సొచ్చింది, ఇప్పటికీ ఆ తప్పు నాదే అనిపిస్తుంది. ఎవరైనా వదిలేసిన, ఆపరేషన్ అయిపోయిన పెద్ద కుందేలు దొరికితే అంతకన్నా మంచిది లేదు, వీలైతే మల్లిని కూడా తీసుకెళ్లి చూపించండి, ఏది కావాలో అదే చెబుతుంది.

తెచ్చాక రెండు వారాలు వేరే గదిలో. చెవుల్లో, ముక్కు దగ్గర పొక్కులు కట్టే గజ్జి మన దగ్గర బాగా ఎక్కువ, అది మల్లికి అంటకూడదు. తర్వాత పక్కపక్కన పెన్‌లు, మధ్యలో నాలుగు వేళ్ల సందు, లేకపోతే కడ్డీల్లోంచి ముక్కులు కొరుక్కుంటాయి. పరుచుకునే గుడ్డలు ఇటువి అటు మార్చండి, వాసన అలవాటవ్వాలి. ఆ తర్వాత మల్లి ఎప్పుడూ అడుగుపెట్టని చోట, పక్కింటి వరండా అయినా సరే, జారకుండా చాప పరిచి, ఓ పది నిమిషాలు. మధ్యలో కొత్తిమీర కుప్ప పొయ్యండి. ఒకదాని మీద ఒకటి ఎక్కడం, కాస్త తరమడం మామూలే, ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయంతే. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం వెంటనే దించండి, కింద ఉన్నది కొరికితే పెద్ద గాయమవుతుంది. చెవులు వెనక్కి పెట్టి తోక లేపి గిర్రున తిరగడం మొదలెడితే అది పోట్లాట, చెయ్యి పెట్టొద్దు, మధ్యలో ఓ చేట అడ్డం పెట్టండి. కొన్ని జంటలు నాలుగు రోజుల్లో కలుస్తాయి, కొన్నిటికి రెండు నెలలు పడుతుంది. ఇదంతా ఎండాకాలంలో పెట్టుకోకండి, 30 డిగ్రీలు దాటితేనే కుందేలు తట్టుకోలేదు, దాని మీద ఈ కంగారొకటి. ఒకదాన్నొకటి నాక్కుని, ఒంటికి ఒళ్లు ఆనించుకుని పడుకుంటున్నాయంటే కలిసినట్టే. అప్పట్నుంచి ఆసుపత్రికి ఒకదాన్ని తీసుకెళ్లాల్సొచ్చినా రెండిటినీ తీసుకెళ్లండి, వేరే వాసనతో తిరిగొస్తే గుర్తుపట్టక మీద పడొచ్చు.

ప్రశ్న: అక్కా, వరంగల్ నుంచి రాస్తున్నా, డిగ్రీ చదువుతున్నా. నా రెండు కుందేళ్లలో ఒకటి నిన్న రాత్రి చనిపోయింది. రెండోది మూలకి కూర్చుని కదలట్లేదు. వెంటనే ఇంకోటి తేవాలా?

జవాబు: తమ్ముడూ, చాలా బాధగా ఉంది చదువుతుంటే. ఈ పత్రిక నీ చేతికొచ్చేసరికి రోజులు గడిచిపోతాయి కాబట్టి నీకు ఉత్తరం ముందే రాసేశాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ. చనిపోయినదాన్ని కాసేపు బతికున్నదాని పక్కనే ఉంచాలి, వాసన చూసి అర్థం చేసుకుంటుంది, లేకపోతే వెతుక్కుంటూనే ఉంటుందని పెంచేవాళ్లం చాలామందిమి అనుకుంటాం. కొత్తదాన్ని మర్నాడే తేవద్దు. చనిపోయింది జబ్బుతోనేమో ముందు తేల్చుకోవాలి, ఇది మామూలుగా తినడం మొదలెట్టాలి. పది పన్నెండు గంటలు గడ్డి ముట్టకపోయినా, పెంట వెయ్యకపోయినా దిగులులే అని ఊరుకోవద్దు, అది ప్రాణం మీదికొచ్చే విషయం, అదే పూట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మెడికల్ షాపులో అడిగి అమాక్సిసిలిన్ లాంటివి మాత్రం నోట్లో పొయ్యకు, మనకి పనిచేసే ఆ మందు కుందేలు పేగుల్ని పాడుచేసి చంపేస్తుంది.